పురుగు వాటా

"నీ బాపు గింజల బాగోతం సూడు!"

చిరంజీవి చేనులోంచి పీక్కొచ్చిన పత్తిచెట్ల మోపును వాకిట్లో దబ్బున పడేశాడు. అప్పుడే అలికి ముగ్గు పెట్టిన వాకిలి, తడి కూడా ఆరలేదు. వేళ్ళకున్న మట్టంతా ముగ్గు మీద రాలింది. సుమలత చేతిలో చెంబు చేతిలోనే ఉండిపోయింది.

అతను ఒక కాయ తెంపి గోటితో చీల్చాడు. లోపల పచ్చపురుగు చుట్ట చుట్టుకుని ఉంది. ఎండ తగలగానే కాస్త కదిలింది.

"మందు గింజల్నే ఉంటదన్నడు. పురుగు నోరువెడితే సస్తదన్నడు. ఇది సచ్చినట్టున్నదా? మనకంటె మంచిగ తిని బలిసింది."

"పొద్దుగాల్నే ఏంది బావా ఇది? బాపును పిలిచి అడుగుదాం. అడిగితే చెప్పడా?"

"అడుగుడు అయిపోయింది. ఫోన్ చేసిన. చేను చూడకుంట ఏం జెప్పాలె అల్లుడా అంటుండు. గింజలమ్మేటప్పుడు చేను చూసిండా?"

సుమలతకు చురుక్కుమంది. చిట్యాలలో విత్తనాలు, పురుగుమందులు అమ్మే యాకయ్య ఆమెకు కన్నతండ్రి. చిరంజీవికి పిల్లనిచ్చిన మామ. అంతటితో ఆగితే ఏదోలా సర్దుకునేవారేమో. ఆయన సుమలత అత్త ఓదెమ్మకు తోడబుట్టిన తమ్ముడు కూడా. మేనరికం ఇంట్లో తగవు వస్తే ఇదే తంటా. ఎవరిని తిట్టినా సొంతవాళ్ళనే తిట్టుకున్నట్టవుతుంది.

"మనకొక్కరికేనా?" అంది సుమలత. "బాపు గింజలు ఊరంత పెట్టిండ్రు గదా."

"అదే నేను జెప్పేది! బుచ్చమ్మ చిన్నమ్మ చేను పోయింది. ఐదారు ఇండ్లోల్ల చేన్లు గిట్లనే ఉన్నయి. అందరం కలిసి పోతున్నం. టెంటు కాడికి పిలిపిస్తం ఆయనను. సురేందర్ సార్‌తోని మాట్లాడిన."

టెంటు అంటే ఏమిటో సుమలతకు తెలుసు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి చిట్యాల రోడ్డు పక్క సమ్మె టెంటే కచేరీ అయింది, టెంటే ఠాణా అయింది. బడులు మూతపడ్డాయి. బస్సులు డిపోలు దాటడం లేదు. భూపాలపల్లిలో బొగ్గుబావులు నిలిచిపోయి కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. వ్యవసాయ శాఖ వాళ్ళు కూడా సమ్మెలోనే ఉన్నారు. చేనుకు వచ్చి ఇది ఫలానా తెగులు అని చెప్పే దిక్కు లేదు. టెంటు కింద నలుగురు కూర్చుని ఏమంటే అదే తీర్పు.

"ఆ కంపెనీ ఎక్కడిదో ఎరుకనా?" చిరంజీవి గొంతు పెంచాడు. "కృష్ణా నది అవుతలిది, ఆంధ్రది. మన నీళ్ళు పాయె, కొలువులు పాయె, ఇగ మన చేన్లకు నకిలీ గింజలు. వాటిని అమ్మి పెట్టేటోడు మనోడే. మా మామనే! టెంటు కింద కూసుంటే నన్ను సూసి నవ్వుతుండ్రు."

అసలు మంట అక్కడుంది. చేను పోయినందుకు ఎంత బాధో, టెంటు కింద నలుగురిలో తలకొట్టేసినట్టయినందుకు అంతకు రెండింతల బాధ. భార్య కాబట్టి సుమలతకు అది తెలుసు. తెలిసినా పైకి అనలేదు.

ఆమె అత్త వైపు చూసింది. ఓదెమ్మ బర్రె కట్టుకొయ్య దగ్గర పలుపు పట్టుకుని నిలబడి ఉంది. కోడి ముగ్గు తొక్కితే ఆ కోడి ఏడుతరాలనూ తిట్టే మనిషి ఆమె. ఇవాళ కొడుకు వాకిలంతా మట్టి చేసినా, తోడబుట్టినవాణ్ణి నకిలీ అన్నా పెదవి విప్పలేదు. ఆ చెట్ల మోపునే చూస్తూ ఉంది. కొడుకు అరుపులకంటే అత్త ఊరుకోవడమే సుమలతను ఎక్కువ భయపెట్టింది.

"అవ్వా, నువ్వు ఏమనవేంది?" అన్నాడు చిరంజీవి.

"ఏమనాల్రా?"

"మీ తమ్ముడు గదా."

"తమ్ముడే."

అంతే అంది. తర్వాత పలుపును కొయ్యకు చుట్టడం మొదలుపెట్టింది. చుట్టిందే మళ్ళీ చుట్టింది.

చిరంజీవి మోపును బండి వెనక కట్టుకుని, బయలుదేరబోతూ భార్య దగ్గర ఆగాడు. ఈసారి అరవలేదు.

"మధ్యాన్నం దాటినంక టెంటు కాడ పంచాయితీ. నువ్వు రావాలె. వస్తే నా పక్కన నిలవడాలె. లేదు, మా బాపు పక్కన నిలవడ్త అంటవా, ఆయనతోనే ఆయన ఇంటికి పో. మళ్ళ గీ వాకిలి తొక్కకు."

"గదేం మాటరా!" అంది ఓదెమ్మ.

అతను అప్పటికే బండి స్టార్ట్ చేశాడు.

* * *

అన్నం వండలేదు. పొయ్యి దగ్గరికి పోతే చేతులు ఆడలేదు. సుమలత చెంబు అక్కడే పెట్టి చేనుకు బయలుదేరింది. అత్త రానంది.

పెళ్ళికి ముందు సుమలత బడి లేనప్పుడల్లా తండ్రి దుకాణంలో కూర్చునేది. గింజల డబ్బాల వాసన ఆమెకు అమ్మగారింటి వాసన. బాపు అప్పు ఎగ్గొట్టినవాణ్ణి కూడా ఏమీ అనలేక గొణుక్కునే మనిషి. నకిలీ గింజలు తెలిసి అమ్మాడంటే నమ్మలేకపోయింది. కానీ పురుగు మాత్రం కళ్ళముందే ఉంది. బాపును కూడా ఎవరో మోసం చేశారేమో అనుకుంటూ గట్టెక్కింది.

చేను చూడగానే ముందు ఆమెకు కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది. ఊరంతా అన్నట్టు చేనంతా పోలేదు. నడుమెత్తు పెరిగిన చెట్లు చాలావరకు బాగానే ఉన్నాయి, కాయ పట్టాయి. వాటి మధ్య అక్కడొకటి ఇక్కడ రెండు మోకాలెత్తు చెట్లున్నాయి. చిల్లులు పడ్డ కాయలన్నీ వాటికే. ఆ పొట్టి చెట్టుకు ఆనుకున్న పెద్ద చెట్ల మీదికి కూడా బాగా బలిసిన పురుగులు పాకుతున్నాయి. నాలుగడుగులు దూరం పోతే మళ్ళీ మంచి చెట్లే.

సుమలత ఒక సాలు పట్టుకుని ఆ చివరిదాకా నడిచింది. మరో సాలులో వెనక్కి వచ్చింది. పురుగు పట్టిందల్లా పొట్టిచెట్టే. చిరంజీవి పీక్కుపోయిన చోట్ల గుంతలు కనిపించాయి. వాటి పక్క చెట్లు నిక్షేపంగా ఉన్నాయి.

"ఏం సూస్తవు బిడ్డా, సూసేటందుకు ఏం మిగిలింది?"

పక్క చేను గట్టు మీద బుచ్చమ్మ కూర్చుని ఉంది. కౌలుకు తీసుకున్న చేను ఆమెది. మొగుడు పోయాక ఒక్కతే చేసుకుంటోంది. ఉదయం నుంచి ఏడ్చినట్టుంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"చిన్నత్తా, ఈ పొట్టి చెట్లేంది? మీ చేన్ల సుత ఉన్నయా?"

"పొట్టియి గాక? ఎనక పెట్టినయి గదా. గింజ పెట్టినంక చుక్క పడకుంట వాన ఎత్తగొట్టలే? సాలుకు సగం మొలకలే రాలే. మళ్ళ గింజ పెడ్దమంటే బజార్ల గింజల్లేవు. మీ బాపు దుకాణంల సుత లేకుండె. అప్పుడు మీ అత్తనే గదనే కాపాడింది!"

"మా అత్తనా?"

"యాడ దెచ్చిందో గని తెచ్చింది తల్లి. కొంగుల మూటగట్టుకొని నా చేనంత తిరిగింది. మొలక తప్పినకాడల్లా తన చేతులతోని పెట్టింది. కూలి సుత అడగలే. ఆమె చేతి గింజ మొలవకుంట ఉండదు. ఒక్కటి తప్పలే, అన్ని మొలిచినయి." బుచ్చమ్మ ముక్కు చీదింది. "అంత కష్టవడి పెట్టింది. ఏం లాభం? కంపెనోడు ముంచిండు."

సుమలత గట్టు మీద కూలబడింది. దుకాణాల్లో దొరకని గింజలు అత్తకు ఎక్కడ దొరికాయి? అడగక్కర్లేదు. ఆమెకు తెలిసిపోయింది.

బీటీ పత్తి డబ్బాలో పెద్ద పాకిట్టుతో పాటు ఒక చిన్న పాకిట్టు వస్తుంది. పెద్దదానిలో పురుగును చంపే గుణం ఎక్కించిన గింజలుంటాయి. చిన్నదానిలో ఉండేవి మామూలు గింజలు. వాటిని చేను చుట్టూ కొన్ని వరుసలు పెట్టాలి. యాకయ్య మొదట్లో వచ్చినవాళ్ళందరికీ ఓపికగా చెప్పేవాడు. వాళ్ళు పడీ పడీ నవ్వేవారు. పురుగుకు సుత వాటా పెట్టాల్నా యాకయ్యా, ఇంకేమన్న పెట్టాల్నా, కల్లు పొయ్యాల్నా అనేవారు. కొన్నాళ్ళకు యాకయ్య చెప్పడం మానేశాడు. జనం ఆ చిన్న పాకిట్టును గట్టు మీదో మోరీ కాల్వలోనో పారేసేవారు. పారేసినన్నాళ్ళూ ఏ చేటూ రాలేదు. ఒకావిడ వంగి ఏరుకున్నప్పుడు వచ్చింది.

* * *

రానన్న ఓదెమ్మ వచ్చింది. చేతిలో తనే వండిన అన్నం గిన్నె ఉంది. బుచ్చమ్మ అప్పటికే టెంటుకని పోయింది.

"తినకుంట వచ్చినవు. కండ్లు తిరిగి పడ్తవు" అంది ఓదెమ్మ గిన్నె ముందు పెట్టి.

"అత్తా, మొలక తప్పినకాడ ఏ గింజలు పెట్టినవు?"

"గింజలే పెట్టిన. రాళ్ళు పెడ్తనా?"

"చిన్న పాకిట్టుయా?"

ఓదెమ్మ గట్టు మీద కూర్చుంది. కాసేపు పైటకొంగు వేలికి చుట్టుకుంది.

"పారేస్తుండ్రు బిడ్డా. ఒడ్డు మీద, మోరీల, యాడవడితే ఆడ. తొక్కుకుంట పోతుండ్రు. గింజ కాలికి తాకితే మా అవ్వ కండ్లకద్దుకోమనేది. నాకు పానం ఒప్పలే. ఊరంత తిరిగి ఏరుకొచ్చిన. వాన ఎత్తగొట్టి అందరు పరేషాన్‌ల ఉండె. నా కాడ మూటెడు గింజలుండె. మనకు పెట్టిన, బుచ్చమ్మకు పెట్టిన, కూలికి పోయిన ఇండ్లల్ల పెట్టిన. దూప గొన్న మొలకలకు చెంబుతోని నీళ్ళు సుత పోసిన."

"అవి మందు గింజలు కావత్తా."

"ఒక్క డబ్బల వస్తయి. ఒక్కడే కంపెనోడు. అదొక తీరు ఇదొక తీరు ఉంటదా?"

"ఉంటది. పురుగు తినేటందుకే అవి పెట్టమంటరు. అన్ని మందు చెట్లే ఉంటే, ఏదో ఒకనాడు ఆ మందుకు చావని పురుగు పుడ్తది. దాని పిల్లలు సుత అట్లనే అయితయి. ఇగ ఏ గింజ పనిచెయ్యదు. అందుకే చుట్టూ మామూలు చెట్లు పెట్టి, మందు తెల్వని పురుగును జర బతకనియ్యాలె. చావని పురుగు దానితోని కలిస్తే పుట్టే పిల్లలు మందుకు సస్తయి. ఒడ్డుకు ఉండాల్సినయి అత్తా. నువ్వు నడుమల పెట్టినవు. పురుగు వాటి మీద పెరిగి, బలిసినంక మంచి చెట్ల మీదికి పోతున్నది."

ఓదెమ్మ కోడలి మొహం చూసింది. పరాచికాలాడుతోందేమో అన్నట్టు చూసింది.

"పురుగుకు వాటానా? పిట్టలకు నాలుగు కంకులు ఇడిసిపెట్టుడు ఎరుక. పురుగును సాదుడు మా తాతలు సుత చెప్పలే." వేలికి చుట్టిన కొంగు వదిలేసింది. "మరి మీ బాపు నాకెందుకు చెప్పలే?"

"పాకిట్టు మీద రాసి ఉంటదత్తా."

"నాకు సదువొస్తదా? బుచ్చమ్మకొస్తదా?"

బాపు చెప్పి చెప్పి నవ్వులపాలై మానేశాడని చెప్పవచ్చు. అది చెప్పడానికి సుమలతకు నోరు రాలేదు.

గిన్నెలో అన్నం మీద ఈగలు ముసిరాయి. ఎవరూ తోలలేదు.

"పొద్దున వాడు మోపు పడేస్తనే గుర్తువట్టిన" అంది ఓదెమ్మ చివరికి. "నేను పెట్టిన చెట్లు నాకు తెల్వదా? ఏదో తప్పైందని పానం కొట్టుకున్నది. ఏం తప్పో తెల్వలే."

"అత్తా..."

"వానికి చెప్తవా?"

సుమలత తల దించుకుంది. చెబితే చిరంజీవి తల్లి ముఖం చూడడు. బుచ్చమ్మ ఊరుకోదు. ఊళ్ళో తలెత్తుకు తిరిగిన మనిషిని రేపటి నుంచి చేన్లు ముంచిన ఓదెమ్మ అంటారు. చెప్పకపోతే బాపు దుకాణం పోతుంది, ఇజ్జత్ పోతుంది, ఠాణా పాలవుతాడు. ఆమెకు అత్త మీద కోపం వచ్చింది, వెంటనే ఆ కోపానికి సిగ్గేసింది. తల్లి పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. తనను పెళ్ళి చేసి తెచ్చుకున్ననాటి నుంచి బిడ్డా అనే తప్ప మరోలా పిలవలేదు.

"నేను చెప్పనత్తా" అంది.

"మరి మీ బాపు?"

సుమలతకు ఏడుపు ఆగలేదు. మోకాళ్ళలో ముఖం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఓదెమ్మ ఓదార్చలేదు. లేచి నిలబడి చీర దులుపుకుంది.

"నడువు" అంది. "బస్సులు లేవు. నడిచిపోయేసరికి పంచాయితీ అయిపోతది."

* * *

టెంటు ముందు ఆ రోజు వంటావార్పు. నడిరోడ్డు మీద రాళ్ళపొయ్యిలు పెట్టి కిచిడీ వండుతున్నారు. మైకులో పాట నడుస్తోంది. జై తెలంగాణ అనే నినాదం లేచినప్పుడల్లా పొయ్యిల దగ్గరున్న ఆడవాళ్ళు గరిటెలు పైకెత్తి బదులిస్తున్నారు. మరో రోజైతే సుమలత కూడా వాళ్ళలో కలిసేది. పోయిన వారం ఇక్కడే నిలబడి గొంతు పోయేలా అరిచింది కూడా.

గుంపు సందుల్లోంచి తండ్రి కనిపించాడు. ఆమె అడుగు ముందుకు పడలేదు.

యాకయ్య టెంటు గుంజ పక్కన నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కా మీద, మెడలో, పురుగు తొలిచిన పత్తికాయలను దారానికి గుచ్చిన దండ ఉంది. ఒక పురుగు దండ మీంచి కాలరు మీదికి పాకుతుంటే ఆయన చేత్తో దులుపుకోలేదు. చిరంజీవి పక్కనే నిలబడ్డాడు. అల్లుడే వేశాడని ఎవరూ చెప్పకుండానే తెలుస్తోంది.

"యాకయ్యా, నువ్వు మనోనివే" అంటున్నాడు సురేందర్ సార్. బడిపంతులు, సమ్మెలో ఉన్నాడు. టెంటు నడిపేది ఆయనే. చెడ్డవాడు కాదు, గొంతులో మర్యాద ఉంది. "కంపెనీ మోసం చేసిందని చెప్పు. నువ్వు తెలిసి అమ్మినవా తెల్వక అమ్మినవా అది చెప్పు. ఊకుంటే ఎట్ల?"

"చేను చూస్త అన్న సార్. చూడనిస్తలేరు."

"ఇగ చూసుడేంది!" బుచ్చమ్మ ముందుకొచ్చింది. "నా కొంప మునిగింది, నువ్వు సినిమా చూసినట్టు చూస్తవా?"

"నేను చెప్త."

మైకు పాట ఆగిన సందులో ఆ మాట అందరికీ వినిపించింది. ఓదెమ్మ గుంపును చేతులతో పక్కకు జరుపుకుంటూ ముందుకు వచ్చింది. కొడుకు ముందు నిలబడింది.

"ఆ దండ తియ్యిరా. గింజల తప్పు లేదు. కంపెనోని తప్పు లేదు, నా తమ్ముని తప్పు లేదు. మొలక తప్పినకాడ చిన్న పాకిట్టు గింజలు పెట్టింది నేను. అవి పురుగు తినే గింజలు. నాకు తెల్వక పెట్టిన."

పొయ్యిలో కట్టె చిటపటలాడింది. తర్వాత వెనక నుంచి ఎవరో నవ్వారు.

"తమ్ముని కోసం ఏమన్న చెప్తది!"

"అక్క ప్రేమ గదా!"

"అవ్వా, ఇటు రా" చిరంజీవి ఆమె చెయ్యి పట్టుకుని లాగాడు. ముఖం కందిపోయింది. "నలుగుట్ల నా ఇజ్జత్ తియ్యకు. ఎవలు నేర్పిండ్రు నీకు గీ ముచ్చట? ఈమెనా?" అని సుమలత వైపు చూశాడు.

సుమలత చూపు తండ్రి మీద ఉంది. యాకయ్యకు అక్క చెప్పింది అర్థమైంది. ఇన్నేళ్ళు గింజలమ్మినవాడు, చేను చూడకుండానే మొత్తం బోధపడినట్టు ఆయన కళ్ళు మూసుకుని తెరిచాడు. ఇప్పుడు నోరు తెరిచి అవును, మా అక్క చెప్పింది నిజం అంటే చాలు. సగం గుంపైనా వింటుంది.

"మా అక్కకు ఏం తెల్వదు సార్" అన్నాడు యాకయ్య. "నా మీద పాయిరంతోని అంటున్నది. గింజలు నావే. నకిలీయే. తెలిసే అమ్మిన."

గుంపు ఒక్కసారిగా గోలెత్తింది. ఎవరో చెప్పు విసిరారు. అది గుంజకు తగిలి కింద పడింది. ఓదెమ్మ "తమ్ముడా!" అని గుండెలు బాదుకుంది. "ఎందుకురా అబద్ధాలాడుతవు? ఎందుకురా?"

యాకయ్య ఆమె వైపు చూడలేదు.

"ఇద్దరు రెండు తీర్లు చెప్తుండ్రు." సురేందర్ సార్ చెయ్యెత్తి గోల ఆపాడు. "ఒకరు అబద్ధం. ఎవలు?"

అందరి కళ్ళూ సుమలత మీదికి తిరిగాయి. చిరంజీవి ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. పొద్దుటి కోపం లేదు అతని ముఖంలో. భయం ఉంది.

"నువ్వు జెప్పు సుమా. ఎవరి మాట నిజం?"

యాకయ్య కూతురి వంక చూసి వద్దన్నట్టు తల కదిలించాడు. అంత చిన్న కదలికలో చిన్నప్పటి నుంచి ఆమె అడిగినవన్నీ ఇచ్చిన మనిషి మొదటిసారి ఆమెను ఒకటి అడిగాడు. సుమలతకు తండ్రిని కౌగలించుకుని ఏడవాలనిపించింది. అత్తకు మాటిచ్చింది నిజమే. కానీ అత్త తనంతట తనే వచ్చి నిజం చెప్పింది. ఇప్పుడు తను ఊరుకుంటే ఆమెను కూడా అబద్ధాలకోరును చేసినట్టే.

"అత్త చెప్పిందే నిజం బావా. నువ్వు పీక్కొచ్చిన చెట్లు చూడు. ఒక్కటన్న పెద్ద చెట్టున్నదా? అన్ని పొట్టియే. అన్ని ఎనక పెట్టినయే. నా మాట నమ్మకు, నేను బాపు బిడ్డనే. చేన్లకు పొయ్యి చూడుండ్రి."

చిరంజీవి వంగి మోపు విప్పాడు. ఒక చెట్టు తీశాడు, ఇంకోటి తీశాడు. సురేందర్ సార్ కూడా కూర్చుని నాలుగు చెట్లను పక్కపక్కన పెట్టి చూశాడు. ఏ చెట్టూ మోకాలి పైకి రాలేదు. ఆయన మాట్లాడకుండా లేచి బుచ్చమ్మ వైపు చూశాడు.

బుచ్చమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"కొంగుల కట్టుకొచ్చినవు" అంది ఓదెమ్మతో. గొంతు చాలా మెల్లగా ఉంది. "నా చేనంత నీ చేతులతోని పెట్టినవు. నేను నీకు దండం పెట్టిన అక్కా. గుర్తున్నదా? కాళ్ళకు దండం పెట్టిన."

"తెల్వక బుచ్చమ్మా..."

"నాకు ఇంకో చేను లేదు అక్కా."

ఓదెమ్మ ఆమెకు రెండు చేతులూ జోడించింది.

చిరంజీవి మామ దగ్గరికి వెళ్ళాడు. దండ తీయబోతే దారం యాకయ్య చొక్కా గుండీకి చిక్కుకుంది. దాన్ని విడదీయడానికి అతని వేళ్ళు చాలాసేపు తడబడ్డాయి. యాకయ్య అల్లుడి చెయ్యి పట్టుకున్నాడు.

"తియ్యకు అల్లుడా. నా మెడలనే ఉండనియ్యి" అన్నాడు గొణిగినట్టు. "తీస్తే అది ఊకనే పోదు, ఇంకో మెడ ఎతుకుతది."

అప్పటికే దండ ఊడి వచ్చేసింది. చిరంజీవి దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. కింద పారేయాలో, దాచుకోవాలో తెలియలేదు అతనికి. పొద్దుటి నుంచి ఈ తప్పు చేసినవాళ్ళను వదిలేది లేదని టెంటు కింద మైకులో ఊరందరి ముందు అన్నది తనే.

మైకు దగ్గరివాడు పాట మళ్ళీ పెట్టలేదు. పొయ్యిల మీద కిచిడీ మాడుతున్న వాసన వస్తోంది. ఓదెమ్మ కొడుకు ఎదుట తల వంచుకుని నిలబడి ఉంది. సుమలత అత్త భుజం మీద చెయ్యి వేసింది.

బుచ్చమ్మ రెండడుగులు ముందుకు వేసి, ఓదెమ్మ మీంచి చూపు తిప్పకుండా చిరంజీవి ముందు చెయ్యి చాపింది.

"గా దండ ఇటియ్యి బిడ్డా" అంది.